చామనచాయ వేసిన ఆర్చర్: మోకాలి దగ్గర రంగు రాలిపోతోంది, కాస్త దారి చెప్పండి

చామంతి_కాకినాడ

అందరికీ నమస్తే. ఈ ఫోరంలో మూడేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కోటోబుకియా అనే జపాన్ కంపెనీ వాళ్ల మెగామి డివైస్ వరుసలో అస్రా ఆర్చర్ అని, ముక్కలు బిగించి కట్టుకునే ప్లాస్టిక్ బొమ్మ కిట్ పోయిన దీపావళికి తెప్పించుకున్నాను. విల్లు పట్టిన పిల్ల, కవచం అంతా ఊడదీస్తే మామూలు ఒంటితో కూడా నిలబడుతుంది, ఎత్తు 14 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. డబ్బాలో వచ్చిన ఒంటి రంగు లేత గులాబీ. నాకు చామనచాయ కావాలి, మా అమ్మమ్మ రంగు. నడుం కిందికి దిగే జడ కావాలి, దాని చివర జడగంటలు కూడా కావాలి. కవచం రంగులు మాత్రం మార్చను, ఆ కవచానికి ఆ ఒంటి రంగు ఎలా ఉంటుందో చూడాలన్నది రెండేళ్లుగా నా మనసులో ఉన్న బొమ్మ.

నా దగ్గర ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు సన్నగా చల్లే పెన్ను) ఉంది కానీ చేయి తిరగలేదని భయపడి, బండ్ల రంగులు అమ్మే షాపులో గోధుమ రంగు స్ప్రే డబ్బా కొని కాళ్లూ చేతులూ బిగించి ఉండగానే వేసేశాను. ఆరాక చాలా బాగుంది. మూడుసార్లు మోకాలు వంచానో లేదో కీలు చుట్టూ గులాబీ రంగు ఉంగరంలా బయటపడింది. మోచేయి కూడా అంతే. పైగా మొన్న వాన పడుతుండగా మెరుపు తగ్గించే మ్యాట్ కోటింగ్ వేస్తే తొడల మీద బూజు పట్టినట్టు తెల్లగా అయిపోయింది. ఫోటోలు కింద పెట్టాను. నిజంగా ఏడుపొచ్చింది. మొదటి నుంచి మొదలుపెట్టాలన్నా సరే, చేస్తాను, ఎలాగో చెప్పండి చాలు.

మూడు_మిల్లీ

చామంతి గారూ, రంగు బాగా కుదిరింది, అది ముందు చెప్పాలి. తప్పు రంగుది కాదు, సందుది. ఈ కీళ్లను రంగు వేయని ప్లాస్టిక్‌కి సరిపోయేలా కొలిచి అచ్చు వేస్తారు. మోకాలి లోపలి ముక్క రెండు పక్కలా రంగు, దాన్ని పట్టుకునే బయటి ముక్క లోపల రెండు పక్కలా రంగు, అంటే నాలుగు పొరలు అక్కడ కూరుకుపోయాయి. స్ప్రే డబ్బా పొర ఎయిర్‌బ్రష్ పొర కన్నా చాలా మందం. వంచగానే ఒకదాన్నొకటి గీకేసుకుంటాయి, అంతే.

అన్నీ విప్పండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. గాజు సీసాలో పోసి ముక్కల్ని వేసి రెండు మూడు గంటలు ఉంచి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. రాత్రంతా నానబెట్టొద్దు, మరీ ముఖ్యంగా ఏ రెండు ముక్కలూ బిగించి ఉండగా నానబెట్టొద్దు, బిగువు మీద ఉన్న ఏబీఎస్ రకం ప్లాస్టిక్ పగులుతుంది. ముఖాలు మాత్రం అందులో అస్సలు వేయకండి, అచ్చు వేసిన కళ్లు పోతాయి.

తర్వాత కీళ్ల లోపలి పక్కల్ని 600 నంబరు ఉప్పుకాగితంతో సాపు చేయండి. ఎంత గీకాలో నేను ఇలా చూసుకుంటాను: మామూలు ప్రింటర్ కాగితం ఒకటి దాదాపు 0.1 మిల్లీమీటర్ మందం ఉంటుంది. కీలు బిగించి ఆ సందులోకి ఒక పక్క కాగితం ముక్క దూర్చాలి, అది చిరగకుండా జారాలి. రెండో పక్క కూడా అంతే. అలా జారిందంటే పల్చటి రంగుకి చోటు దొరికినట్టు. తిరిగే పిన్ను మాత్రం గీకొద్దు, పట్టు పోతుంది.

సన్నగీత_వరంగల్

మంచిగ చెప్పినవ్ అన్నా, ఆ కాగితం కొలత నాకు కూడా కొత్తే. చామంతీ, తెల్లబారిన దాని గురించి టెన్షన్ పడకు. గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు కోటింగ్‌లోని ద్రావకం గబగబా ఆవిరై ఆ చోటును చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ పట్టి పొరలో ఇరుక్కుంటుంది. నువ్వు ఎట్లాగూ రంగంతా తీస్తున్నావు కాబట్టి ఇప్పుడు పని లేదు, కానీ మళ్లీ అయితే రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిపిన థిన్నర్‌ని దూరం నుంచి మంచులా పట్టించు, చాలాసార్లు తెలుపు కరిగిపోతుంది. మీ కాకినాడలో వానాకాలం సాయంత్రం పూట క్లియర్, అంటే రంగులేని పై పొర, కొట్టకు. మధ్యాహ్నం, ఎండ కాసిన రోజు, ముక్కల్ని ముందు కాసేపు పొడి గదిలో ఉంచి కొట్టు.

తాచికావా_బాబాయ్

నేను టోక్యోలో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఆ కోటోబుకియా పుట్టిన తాచికావాకి దగ్గర్లోనే ఇల్లు. అమ్మాయ్, నాదొక వేరే మాట. ఇంత కష్టం ఎందుకు? బాందాయ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల థర్టీ మినిట్స్ సిస్టర్స్ వరుస 2021లో మొదలైంది, అందులో ఒంటి ఛాయలకు కలర్ ఏ, బీ, సీ అని అక్షరాలు పెట్టి చేతులు, కాళ్లు, ముఖాలు విడిగా అమ్ముతారు. కావలసిన ఛాయ ప్లాస్టిక్‌లోనే ఉంటే కీలు ఎన్నిసార్లు వంచినా రాలేది ఏమీ ఉండదు. నేను ఇరవైకి పైగా కిట్లు కట్టాను, ఒంటి మీద రంగు ఒక్కదానికీ వేయలేదు. కవచానికి వేసుకో, జుట్టుకి వేసుకో, ఒంటిని వదిలెయ్. ఈ బొమ్మలు వంగడానికి, నిలబడడానికి, దూకడానికి పుట్టినవి.

ఎందుకంటున్నానంటే ఆ ఒళ్లు మామూలు ఒళ్లు కాదు. 2006లో కోనామి వాళ్ల బుసో షింకి వచ్చింది, అవి రంగులు వేసి అమ్మిన యాక్షన్ ఫిగర్లు, కిట్లు కావు. దాని లోపలి ఒంటిని చెక్కింది మసాకీ అసాయ్. 2008లో మాక్స్ ఫ్యాక్టరీ వాళ్ల ఫిగ్మా వచ్చింది, దాని కీళ్ల వెనకా ఆయన చేయి ఉంది. 2016లో మెగామి డివైస్ మొదలైనప్పుడు మాకినికా అని పేరు పెట్టిన ఈ ఒంటిని కూడా ఆయనే చేశాడు. అంటే నీ చేతిలో ఉన్న ఆ మోకాలు వెనక పదేళ్ల పని ఉంది. దాని మీద ఉప్పుకాగితం పెట్టి గీకమంటుంటే నాకు మనసొప్పడం లేదు.

చామంతి_కాకినాడ

బాబాయ్ గారూ, మీరు చెప్పిన చరిత్ర నాకు తెలియదు, చాలా సంతోషం. అక్షరాల ఛాయల్ని నేనూ చూశాను. కానీ నాకు కావలసింది ఈ పిల్ల, ఈ ముఖం, ఈ విల్లు. ఇంకో కిట్ కాళ్లు తెచ్చి దీనికి తగిలిస్తే నడుం, మెడ ఎలా సరిపోతాయి? నాకు కావలసిన చాయ వాళ్ల డబ్బాల్లో దొరికేదాకా ఆగలేను, నేనే కలుపుకుంటాను.

లప్పం_శీను

బాబాయ్ గారూ, గౌరవంగానే చెబుతున్నా, నేను ఒప్పుకోను. అసలు ఈ హాబీ మొత్తం ఎవరో ఒకరు ఉన్నదాన్ని మార్చి చూడడం వల్లే పుట్టింది కదా. 1980లలో అకితాకా మికా అనే చిత్రకారుడు గన్‌డమ్ కార్టూన్‌లోని మొబైల్ సూట్లనే రోబోల్ని ఆడపిల్లలకి కవచంలా తొడిగి బొమ్మలు గీశాడు, అప్పుడవి గన్‌డమ్ అభిమానుల పత్రికల్లోని బొమ్మలు మాత్రమే. ఆ తర్వాత షిమాడా ఫుమికానే యుద్ధ విమానాల్ని, ట్యాంకుల్ని ఆడపిల్లలకి తగిలిస్తూ గీశాడు. కోటోబుకియా దగ్గర అప్పటికే ఫ్రేమ్ ఆర్మ్స్ అని తకయుకి యనసే డిజైన్ చేసిన రోబోలున్నాయి, వాటిని షిమాడా చేత అమ్మాయిలుగా గీయించి 2015లో ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్ గౌరాయ్ తెచ్చారు. ఉన్న రోబో ఒకటి, దాన్ని ఇంకోలా చూసిన మనిషి ఒకడు. చామంతి చేస్తున్నదీ అదే పని. ఆ 3 మిల్లీమీటర్ల కన్నాలు ఒంటి నిండా ఎందుకు పెట్టారు మరి, ఇంకేదో తగిలించమనే కదా.

తాచికావా_బాబాయ్

శీనూ, ఆ మాట నిజమే. నేను కీలు గురించి అన్నాను, మార్చొద్దని కాదు. చీబాలోని మకుహారి మెస్సేలో ఏడాదికి రెండుసార్లు వండర్ ఫెస్టివల్ జరుగుతుంది, అక్కడ ఆ ఒక్క రోజుకి మాత్రం బొమ్మల హక్కుదారులు హక్కులు ఇస్తారు, ఔత్సాహికులు సొంతంగా చెక్కి రెసిన్‌లో పోసిన తలలు, జుట్టు, కవచాలు అమ్ముకుంటారు. నేను ప్రతిసారీ వెళ్తాను. వంద డబ్బాల్లో ఒకేలా ఉండే బొమ్మ అక్కడ బల్ల మీద ఒక్కో మనిషిలా కనబడుతుంది. సరే అమ్మాయ్, నీ ఇష్టం. గీకితే మాత్రం రెండు మోకాళ్లూ ఒకే కొలతలో గీకు.

సన్నగీత_వరంగల్

ఇప్పుడు రంగు సంగతి. చామంతీ, చామనచాయకి నలుపు కలపకు. చాలామంది లేత రంగులో నలుపు వేసి ముదురు చేద్దామనుకుంటారు, ఒళ్లు బూడిద పూసినట్టు చచ్చిపోతుంది. నేను మా చెల్లి కోసం ఒకటి చేసినప్పుడు ఇట్లా చేసిన: కింద గులాబీని పూర్తిగా కప్పడానికి మిస్టర్ మహాగనీ సర్ఫేసర్ 1000, సర్ఫేసర్ అంటే రంగు కింద వేసే మొదటి పొర, అది ఎర్రమట్టి లాంటి గోధుమ. దాని మీద పసుపుమట్టి రంగు, గోధుమ, చిటికెడు ఎరుపు కలిపిన పొర, కానీ అంతటా కాదు, ఎత్తుగా ఉన్న చోట్లే, అంటే తొడ ముందు భాగం, పిక్క మీద, భుజం మీద. మోకాలి మడత, మోచేయి, చంక దగ్గర సర్ఫేసర్ రంగే కొద్దిగా కనబడనివ్వాలి. ఆఖరికి క్లియర్ ఆరెంజ్‌ని బాగా పల్చన చేసి ఒక్కసారి అంతటా. అప్పుడే లోపల నెత్తురు పారుతున్నట్టు వెచ్చగా కనబడుతుంది. పాలు వేసిన టీ, పాలు లేని టీ పక్కపక్కన పెట్టి చూస్తే రంగు ఎటు పోవాలో తెలుస్తుంది.

ఎయిర్‌బ్రష్‌కి భయపడకు. 0.3 మిల్లీ నాజిల్ అయితే రంగు ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు, ప్రెషర్ 15 పీఎస్ఐ లోపు. పాలు పల్చన చేసినట్టు ఉండాలి, గిన్నె అంచున పోస్తే జారి పల్చటి తెర మిగలాలి. ముందు చెంచాల మీద కొట్టి చూడు, ప్లాస్టిక్ చెంచా వీపు అచ్చం తొడలా వంపు తిరిగి ఉంటుంది.

మూడు_మిల్లీ

గీత గారు చెప్పిన దాంట్లో ఇంకో లాభం ఉంది. కీలు మడత దగ్గర సర్ఫేసర్ ఒక్కటే ఉంటుంది కాబట్టి పొరలు తక్కువ. ఎప్పుడైనా రాలినా కింద కనబడేది ముదురు గోధుమే, నీడలా కలిసిపోతుంది. లోపల రుద్దుకునే పక్కలకి మాత్రం సర్ఫేసర్ కూడా వద్దు, ముదురు గోధుమ ఎనామెల్‌ని కాస్త పూసి వెంటనే తుడిచేయండి, మరక లాగా పడితే చాలు. ఒక జాగ్రత్త: ఎనామెల్ థిన్నర్ ఏబీఎస్ మీద పారనివ్వకండి. నా మొదటి ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్‌కి తుంటి కీలు బిగించి ఉండగానే ప్యానెల్ లైన్ రంగు (గీతల సందుల్లోకి పారించే పల్చటి ఎనామెల్) కారించాను, మర్నాడు పొద్దున్నే నిలబెడదామని ఎత్తితే కాలు చేతిలోకి ఊడొచ్చింది, పిన్ను మధ్యకి చీలిపోయింది. రన్నర్, అంటే ముక్కలు అంటుకుని వచ్చే చట్రం, దాని చివర బిళ్ల మీద పీఎస్ అనో ఏబీఎస్ అనో ప్లాస్టిక్ రకం అచ్చు ఉంటుంది, కత్తిరించే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

కొత్త_నిప్పర్_నెల్లూరు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇవి మన దగ్గర అంత ఖరీదు ఎందుకు? జపాన్ ధర చూసి ఇక్కడి ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. ఆ రంగులు కూడా దొరకడం లేదు.

లప్పం_శీను

తమ్ముడూ, కస్టమ్స్‌లో స్కేల్ మోడళ్లు కూడా బొమ్మల పద్దు కిందికే వస్తాయి. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. దాని మీద పంపే ఖర్చు, పన్నులు. అందుకే కొనే ముందు మొత్తం లెక్క వేసుకో, కిట్ ధర ఒక్కటే చూసి బటన్ నొక్కకు. లాకర్ రంగులు, స్ప్రేలు మంటలు అంటుకునే సరుకు, విమానంలో పంపరు, కాబట్టి జపాన్ నుంచి కిట్‌తో పాటు తెప్పించుకుందామంటే కుదరదు. ఇక్కడే స్టాకు ఉన్నవాళ్ల దగ్గర కొను. మొదటి కిట్‌కి రంగు లేకుండా కట్టు, ముక్కలు కత్తిరించే మంచి నిప్పర్ ఒకటి చాలు. ఒక పక్కే పదును ఉండే పలచటి అంచు నిప్పర్ కొంటే మాత్రం లావు రన్నర్లు, పారదర్శక ముక్కలు దాంతో కత్తిరించకు, అంచు విరుగుతుంది. వాటికి మామూలుది వాడు.

ఇప్పుడు జడ. చామంతీ, ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఎపాక్సీ పుట్టీతో (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది) ముద్దగా జడ చేశావంటే తల వెనక్కి వాలిపోతుంది. ఈ పిల్లల మెడలో ఉండేది చిన్న బంతి కీలు, అది ఆ బరువు మోయదు. నేను ఒకసారి చేసి చూశాను, నిలబడ్డ పది నిమిషాలకి ఆకాశం వైపు చూస్తోంది. 0.5 మిల్లీ ఇత్తడి తీగ మీద అల్యూమినియం రేకు చుట్టి జడ ఆకారం తెచ్చుకో, దాని మీద పుట్టీ పల్చగా మెత్తు. సగం ఆరాక, అంటే గోరుతో నొక్కితే గుర్తు పడి చేతికి అంటకుండా ఉన్నప్పుడు, మూడు పాయల గీతలు గియ్యి. కత్తితో కాదు, సూదిని తడిపి. ప్రతి పాయలో వెంట్రుకల గీతలు పై నుంచి కిందికి కాదు, పాయ ఎటు తిరిగితే అటు తిరగాలి, మీ ఇంట్లో ఎవరి జడైనా ఫోటో తీసి చూడు. పుట్టీ గట్టిపడ్డాక చిన్న కన్నాలు పడితే లప్పం పెట్టి సాపు చెయ్యడమే.

మాది విజయవాడ, చిన్నప్పుడు కొండపల్లి వెళ్లినప్పుడు బొమ్మలు చేసేవాళ్లు తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం గంటలకొద్దీ చూసేవాణ్ని. మక్కు అతుకు మీద పెట్టి బొటనవేలితో ఒంటిలోకి కలిపేసేవాళ్లు, అతుకు ఎక్కడుందో కనబడేది కాదు. ఇప్పుడు జడ మొదలుని తలలోకి కలిపేటప్పుడు నా వేలు అలాగే కదులుతుంది.

జడని తలకి అతికించెయ్యకు. తల వెనక చిన్న నియోడిమియం అయస్కాంతం, జడ మొదట్లో ఇంకొకటి. కవచం తొడిగినప్పుడు వీపు మీద సామానుకి అడ్డం వస్తే తీసెయ్యొచ్చు.

చామంతి_కాకినాడ

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండు ఆదివారాలు అయ్యాయి, జరిగింది రాస్తున్నాను.

రంగు వదిలింది, కానీ మోకాలి ముక్కల్లో ఒకదాని మూలలో కొంచెం మిగిలింది, ఎలాగూ పైన ముదురు రంగే కాబట్టి వదిలేశాను. కాగితం కొలత అద్భుతంగా పనిచేసింది. కుడి మోకాలికి పన్నెండుసార్లు గీకి చూస్తే కాగితం జారింది, ఎడమదానికి ఇంకాస్త పట్టింది. బాబాయ్ గారు చెప్పినట్టు రెండూ ఒకేలా వచ్చేదాకా ఆగాను. చెంచాల మీద ఆరు రంగులు కలిపి అమ్మమ్మ చేతి పక్కన పెట్టి చూశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, మూడోది మీ తాతయ్య రంగు, అయిదోది నాది అంది. అయిదోదే వేశాను.

జడ ఇంకా సగంలో ఉంది. ముఖం దగ్గర ఆగిపోయాను. ఒంటికి రంగు మారాక ముఖం గులాబీగానే ఉంది, ముఖానికి వేస్తే అచ్చు వేసిన కళ్లు కప్పబడతాయి. ఏం చేయాలి?

సన్నగీత_వరంగల్

అయిదోది నాది అన్నదా! ఆ మాట చదివి ఇంట్లో అందరికీ చెప్పిన.

ముఖానికి రెండు దారులున్నాయి. ఒకటి, అచ్చు వేసిన కళ్ల మీద మాస్కింగ్ ద్రవం సన్న బ్రష్‌తో కచ్చితంగా కంటి అంచు వరకు పూసి, రంగు కొట్టి, తీసెయ్యడం. అంచు గరుకు వస్తే కనురెప్ప గీత పాడవుతుంది, కష్టమైన పని. రెండోది, ఆ కళ్లని 1000 నంబరు కాగితంతో తీసేసి, ముఖానికి ఒంటి రంగు వేసి, మెరిసే గ్లాసీ కోటింగ్ వేసి, నీటి డెకాల్ కళ్లు (నీళ్లలో తడిపి అతికించే అచ్చు బొమ్మలు) అతికించుకోవడం. డెకాల్ కింద తెలుపు లేకపోతే ముదురు ఒంటి రంగు మీద కళ్లు మాయమైపోతాయి, అందుకే ముందు కంటి తెల్లగుడ్డు ఆకారంలో తెల్ల రంగు సన్నగా వెయ్యాలి. నేను రెండోదే చెబుతా, ఎందుకంటే కాటుక నువ్వే పెట్టుకోవచ్చు. ఒంటికి లాకర్ వేసినవు కదా, దాని మీద ఎనామెల్ నలుపుతో రెప్ప గీత లాగు, తప్పొస్తే ఎనామెల్ థిన్నర్‌లో ముంచిన పుల్లతో తుడిచెయ్, కింద లాకర్ కదలదు. ఎన్నిసార్లైనా లాగొచ్చు. ఊపిరి బిగబట్టకు, మెల్లగా వదులుతూ లాగు, చెయ్యి వణకదు.

డబ్బాలో ముఖాలు మూడు ఉంటాయి కదా, నవ్వు లేని ముఖం మీద మొదట చెయ్యి. మంచిగ రాకపోతే ఇంకో రెండు ఉన్నాయి.

మూడు_మిల్లీ

చెంపలకి పొడి పేస్టల్ గీకి మెత్తని బ్రష్‌తో అద్దండి, అది కూడా మ్యాట్ కోటింగ్ వేశాకే, నున్నటి దాని మీద పొడి నిలవదు. చామనచాయకి గులాబీ వద్దు, ఇటుక రంగు.

చామంతి_కాకినాడ

అయిపోయింది. ఆరు ఫోటోలు పెట్టాను.

కాటుక పదకొండోసారికి కుదిరింది. గీత అక్కా, ఊపిరి వదులుతూ లాగమన్నారు చూడండి, అక్కడే కుదిరింది. జడకి శీను గారు తీగ చెప్పారు, జడగంటలకి మాత్రం నేను మా అమ్మ పాత చీర అంచులో ఊడిన జరీ పోగు తీసి మూడు చిన్న కుచ్చులు కట్టాను, వాటి పైన పుట్టీ గింజలు పెట్టి బంగారు రంగు వేశాను. జడ మొత్తం తీసి వంటింటి చిన్న కాటా మీద పెడితే ముల్లు కదల్లేదు, తల నిటారుగా నిలబడింది.

మోకాలు నలభైసార్లు వంచాను, లెక్కపెట్టి. గులాబీ కనబడలేదు. ఎడమ మోచేయి లోపల ఒక చోట సర్ఫేసర్ కొద్దిగా మెరుస్తోంది, వెతికితే తప్ప తెలియదు. ఇప్పుడు కిటికీలో విల్లు ఎక్కుపెట్టి ఒక మోకాలి మీద కూర్చుంది, సాయంత్రం ఎండ భుజం మీద పడితే ఆ క్లియర్ ఆరెంజ్ నిజంగానే వెచ్చగా ఉంది.

తాచికావా_బాబాయ్

మూడో ఫోటో, జడ భుజం మీద నుంచి ముందుకు పడినది, దాన్నే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మోకాలి మీద కూర్చోబెట్టావు చూడు, ఆ కీలు అంత లోతుగా వంగి ఇంత రంగుతో నిలబడడం నేను ఇప్పటిదాకా చూడలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మాయ్, ఆ అయిదో చెంచా రంగు పాళ్లు రాసి పెట్టావా? నా దగ్గర డబ్బా విప్పని అస్రా నింజా, అదే వరుసలోది, ఒకటి ఉంది.

చామంతి_కాకినాడ

రాసిపెట్టాను బాబాయ్ గారూ. పసుపుమట్టి 5 చుక్కలు, గోధుమ 4, ఎరుపు 1, ఆ పైన తెలుపు సూదిమొన అంత. థిన్నర్ 20 చుక్కలు. చెంచా కూడా దాచాను, పగటి వెలుగులో ఫోటో తీసి రేపు పెడతాను, ట్యూబ్‌లైట్ కింద అది వేరే రంగులా కనబడుతోంది.